వంటగట్టు మీద పనికి చోటు

తెలుగు ఇళ్లలో వంటగట్టు అనీ గ్యాస్ గట్టు అనీ, మేస్త్రీల మాటలో ప్లాట్‌ఫాం అనీ పిలిచే రాతిబల్ల మీదే కూర తరగడం, పిండి కలపడం, ఉడికిన గిన్నె దించడం, వడ్డనకు సర్దడం వంటి పనులన్నీ జరుగుతాయి. పని జరగవలసిన చోట సామాను తిష్ఠ వేసినప్పుడు, ప్రతి పనికీ ముందు జరపడం, తుడవడం, మళ్లీ సర్దడం అనే మరో పని వచ్చి చేరుతుంది. అయినా గట్టు చిందరవందరగా కనిపించగానే ఆ తప్పును ఇల్లాలి ఒద్దిక లేనితనం కింద జమకట్టడం మన సమాజంలో స్థిరపడిపోయిన అలవాటు. గట్టు పొడవెంత, ప్లగ్ పాయింట్లు ఎక్కడున్నాయి, కింద ఉన్నవి అరలా సొరుగులా, రోజూ వాడే పాత్రకు సొంత చోటంటూ ఉందా అన్న ప్రశ్నలు వేసుకుని చూస్తే, ఆ చిందరవందరలో చాలా భాగం ఇల్లు కట్టేనాడే ఖాయమైపోయిందని తేలుతుంది.

నిజానికి గట్టు తెలుగు వంటింటికి ఆలస్యంగా వచ్చిన అంగం. అంతకు ముందు తరాల్లో వంట చాలావరకు నేల మీదే సాగింది. పొయ్యి నేల మీద, వండేవారు పీట మీద. చెక్కపీటకు వంపు తిరిగిన కత్తిని నిలువుగా బిగించి, పీటను కాలితో తొక్కిపట్టి, కాయను కత్తికేసి నెడుతూ తరిగే కత్తిపీట కూడా నేల మీదే. మనుషులు తిరగవలసింది అక్కడే, విస్తళ్లు వేయవలసిందీ అక్కడే కనుక, పని ముగిశాక ఏ వస్తువునూ ఉన్నచోటనే వదిలేసే వీలుండేది కాదు. పిల్లలున్న ఇళ్లలో కూర తరగడం కాగానే కత్తిపీటను పక్కకు పడుకోబెట్టి, కత్తి గోడవైపు ఉండేలా జరిపేవారు. పాలూ పెరుగూ వెన్నా ఉట్టి మీదికి, ఉప్పూ చింతపండూ జాడీల్లోకి, గరిటెలూ అట్లకాడా గోడ మేకులకు చేరేవి. రాత్రి భోజనాలయ్యాక మట్టి నేలైతే అలికేవారు, గచ్చు నేలైతే నీళ్లు పోసి కడిగి తూము గుండా వదిలేవారు. అలా అలకాలన్నా కడగాలన్నా నేల మీద ఏమీ మిగలకూడదు. ఆ వంటింట్లోని పొగనూ, వంగి లేచే శ్రమనూ మరిచి దాన్ని ఆదర్శంగా పొగడడం అక్కడ జీవితాలు అరగదీసుకున్న స్త్రీలకు అన్యాయం చేయడమే. అయితే పనిచోటు రోజుకు ఒక్కసారైనా పూర్తిగా ఖాళీ అయ్యే ఏర్పాటు ఆ వంటింటి పద్ధతిలోనే ఇమిడి ఉండేదని, గట్టు రాకతో ఆ ఏర్పాటు పోయిందని గుర్తించకుండా నేటి సమస్య అర్థం కాదు.

నేల మీది వంటను నిలబడి చేసే వంటగా మార్చిన కారణాల్లో ముఖ్యమైనది గ్యాస్. ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులను ఒత్తిడితో ద్రవరూపంలోకి మార్చి నింపే ఈ ఇంధనం గాలి కంటే బరువైనది. కారితే పైకి పోయి చెదిరిపోకుండా నేలమట్టాన పేరుకుంటుంది. పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలని గ్యాస్ కంపెనీలు పట్టుబట్టడం ఇందుకే. ఇళ్లకు వచ్చే 14.2 కిలోల సిలిండర్ నిటారుగా నిలబెడితే రెండడుగులు దాటుతుంది కనుక, కనెక్షన్‌తో పాటే గట్టు కూడా అవసరమైంది. 1965లో కలకత్తాలో ఇండేన్ గ్యాస్ మొదలైనప్పుడు పట్టణ మధ్యతరగతికి పరిమితమైన ఈ మార్పు, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబాల మహిళలకు కనెక్షన్లు ఇచ్చిన దీపం పథకంతో పల్లెలకూ చేరింది. కట్టిన గట్టు లేని ఇళ్లలో ఇటుకలు పేర్చి, వాటి మీద కడప బండ పరిచి, దాని మీద పొయ్యి పెట్టుకున్నారు. పొయ్యి ఎత్తు పెంచడమే అప్పటి ఉద్దేశం; ఆ బండ మీద పొయ్యి పక్కన ఇంకెంత చోటు కావాలన్న ఆలోచనకు ఆనాడు తావు దొరకలేదు.

గట్టు వచ్చాక దాని మీదికి ఎక్కినవి ఒకటొకటిగా పెరిగాయి. ప్రెస్టీజ్, హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లు మార్కెట్లోకి వచ్చింది 1959లో. భారతీయ వంటకు అనువుగా రూపొందిన సుమీత్ మిక్సీ పుట్టింది 1963లో. రుబ్బురోలు పెరట్లోనో వసారా మూలనో ఉండేది, దాని దగ్గరికి మనిషే వెళ్లేవాడు; మిక్సీ మాత్రం మనిషి పనిచేసే చోటికే వచ్చి కూర్చుంది. తర్వాత టిల్టింగ్ గ్రైండర్, మైక్రోవేవ్, నీళ్ల ఫిల్టర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఈమధ్య ఎయిర్ ఫ్రయర్ అదే దారి పట్టాయి. కొత్తది వచ్చినప్పుడు పాతది వెళ్లిన సందర్భాలు అరుదు, రాయి పొడవు మాత్రం కట్టిననాడు ఎంతో ఇప్పటికీ అంతే.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రాని ఆలోచన

నిలబడి వండే గట్టు గురించి లోతుగా ఆలోచించిన వారు పాశ్చాత్య దేశాల్లో చాలా ముందే ఉన్నారు. అమెరికాలో కేథరిన్ బీచర్ తన చెల్లెలు హారియెట్ బీచర్ స్టోతో కలిసి 1869లో ప్రచురించిన గృహ నిర్వహణ గ్రంథంలో, ఆవిరి ఓడల్లోని ఇరుకు వంటశాలలను గమనించి, పిండి డబ్బా, పని బల్ల, గిన్నెల అరలు ఒకదాని పక్కన ఒకటి చేతికందేలా ఉండే వంటగదిని ప్రతిపాదించింది. కర్మాగారాల్లో కార్మికుల కదలికలను కొలిచి వృథాను తగ్గించే పద్ధతిని క్రిస్టీన్ ఫ్రెడరిక్ 1910ల దశకంలో ఇంటిపనికి అన్వయించి, ఏ పనికి సంబంధించిన వస్తువులు ఆ పని జరిగే చోటే గుంపుగా ఉండాలన్న సూత్రాన్ని ప్రచారం చేసింది. ఈ ఆలోచనలన్నీ కలిసి రూపం దాల్చింది 1926లో, ఆస్ట్రియాకు చెందిన వాస్తుశిల్పి మార్గరెటె షూటె-లిహోట్స్కీ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహ నిర్మాణ పథకం కోసం తీర్చిదిద్దిన వంటగదిలో. ఆ నగరపు ఇళ్లలో సుమారు 10,000 వంటగదులు ఆ నమూనాలోనే అమర్చారు.

ఆ వంటగది వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు సుమారు 3.4 మీటర్లు మాత్రమే. అంత ఇరుకులోనూ పని బల్లను కిటికీ వెలుగు పడేలా పెట్టి, దానికి ఒక పళ్లెం లాంటి సొరుగు అమర్చారు. తరిగిన తొక్కలనూ తుంపులనూ చేత్తో అటు నెడితే అందులో పడతాయి, పని ముగిశాక దాన్ని లాగి పారబోస్తే సరిపోతుంది. పప్పులకూ పంచదారకూ ముందు కొస సన్నగా ఉన్న అల్యూమినియం సొరుగులు ఉండేవి. వాటిని పిడి పట్టి బయటికి తీసి నేరుగా గిన్నెలోకి ఒంపవచ్చు. మూత తీయడం, చెంచా వెదకడం, డబ్బాను బల్ల మీద వదిలేయడం అనే మూడు పనులు ఒక్క సొరుగుతో తప్పాయి. పిండి సొరుగులను ఓక్ చెక్కతో చేశారు, పురుగు పట్టదని. ఇందులో ప్రతి వివరమూ బల్ల మీద వస్తువు మిగిలిపోయే అవకాశాన్ని తగ్గించే ఉద్దేశంతో పుట్టినదే. ఒక్క మనిషి మాత్రమే పనిచేయగల గదిలో ఇల్లాలిని ఒంటరిని చేశారన్న విమర్శ తర్వాతి కాలపు స్త్రీవాదుల నుంచి ఆ నమూనాకు ఎదురైంది. అది తోసిపుచ్చదగ్గ విమర్శ కాదు.

భారతదేశానికి చేరింది ఆ గట్టు ఆకారమే, దాని వెనక ఉన్న ఆలోచన చేరలేదు. భోజనాల గది విడిగా ఉన్న ఇంట్లో వంటగది కనీసం 5 చదరపు మీటర్ల వైశాల్యం, 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది; ఇరుకుకు పేరుపడ్డ ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది వైశాల్యం కూడా దీనికంటే ఎక్కువే. పైగా ఆ వంటగదిలో ఇడ్లీ పిండి రుబ్బే యంత్రమూ, ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీలూ ఉండవలసిన అవసరం లేదు.

పది అడుగుల లెక్క

హైదరాబాదులోనో విజయవాడలోనో రెండు పడకగదుల ఫ్లాటులో ఉండే పది అడుగుల గట్టును ఉదాహరణగా తీసుకుని లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. మూడు బర్నర్ల పొయ్యి రెండున్నర అడుగులు, సింకు రెండడుగులు, మైక్రోవేవ్ అడుగున్నర, కడిగిన గిన్నెలు ఆరబెట్టే బుట్ట అడుగున్నర, మిక్సీ ఒక అడుగు, రైస్ కుక్కరో కెటిలో మరొక అడుగు ఆక్రమిస్తే మొత్తం తొమ్మిదిన్నర అడుగులవుతుంది. కూర తరగడానికి, చపాతీ వత్తడానికి, దించిన గిన్నె పెట్టడానికి మిగిలింది అర అడుగు. అమెరికాలో వంటగదుల రూపకర్తల సంఘం సూచించే ప్రమాణం ప్రకారం సింకు పక్కన పని కోసం ఎడతెగని 36 అంగుళాల పొడవు, 24 అంగుళాల లోతు గల ఖాళీ ఉండాలి. ముక్కలుముక్కలుగా మిగిలిన నాలుగు చిన్న ఖాళీలు ఆ ఒక్క మూడడుగుల ఖాళీకి సాటిరావు. ఈ ఇంటి ఇల్లాలు రోజుకు ఎన్నిసార్లు సర్దినా లెక్క మారదు, ఎందుకంటే ఇక్కడ ఉన్నది అలవాటు లోపం కంటే ముందు కొలత లోపం.

ఏ యంత్రం ఎక్కడ స్థిరపడుతుందో నిర్ణయించేది చాలా ఇళ్లలో ప్లగ్ పాయింటు. మిక్సీని అలమరలో పెట్టి అవసరమైనప్పుడు తీయమని చెప్పడం తేలిక. నాలుగైదు కిలోల మోటారును రోజుకు రెండుసార్లు కింది అరలోంచి వంగి ఎత్తమనడం ఎవరికీ భావ్యం కాదు. గట్టుకు అడుగు పైన ఒకే ఒక్క సాకెట్ ఉంటే మిక్సీ అక్కడే కూర్చుంటుంది, అది కూరలు తరిగే చోటైనా సరే. గ్రైండర్‌కూ మైక్రోవేవ్‌కూ వేర్వేరు పాయింట్లు, అందులో ఎక్కువ కరెంటు లాగే వాటికి 16 ఆంపియర్ల పాయింట్లు, గట్టు చివరనో గోడలో వదిలిన గూట్లోనో ముందే ఏర్పాటు చేస్తే పని మధ్యలోని మూడడుగులు బతుకుతాయి. మైక్రోవేవ్‌ను గోడకు బిగించిన ఇనుప స్టాండు మీదికి, గిన్నెల బుట్టను సింకుకు పైనున్న గోడ మీదికి చేరిస్తే, పై లెక్కలోనే మూడు అడుగులు తిరిగివస్తాయి.

వాస్తు పట్టింపు కూడా గట్టు మీద చోటును ప్రభావితం చేస్తుంది. ఆగ్నేయంలో పొయ్యి, తూర్పు ముఖంగా వంట అన్న నియమాన్ని ఎక్కువమంది పాటిస్తారు. అయితే మేస్త్రీ దాన్ని అక్షరాలా మూలకు తోసి అమర్చినప్పుడు పొయ్యికి ఒకవైపు గోడే మిగిలి, గిన్నె దించడానికి రెండో పక్కే గతి అవుతుంది. గది ఆగ్నేయ భాగంలోనే ఉంచుతూ, మూల నుంచి అడుగున్నర వదిలి పొయ్యి పెట్టడానికి ఆ నియమం అడ్డురాదు, పని మాత్రం ఎంతో సులువవుతుంది.

గట్టు మీద ఏది ఉండాలి

గట్టు ఖాళీగా ఉండాలన్న మాటకు అర్థం రాయి మీద ఏదీ కనిపించకూడదని కాదు. ఆధునిక గృహాలంకరణ పత్రికలు అచ్చువేసే, ఒక పూలకుండీ తప్ప మరేమీ లేని వంటగది ఫొటో పప్పు, కూర, పచ్చడి, పులుసు ఒకే పూట వండే ఇంటికి నమూనా కాలేదు. ఒక వస్తువుకు గట్టు మీద చోటు ఇవ్వాలా వద్దా అన్నది అది ఎంత తరచుగా, ఎంత తొందరలో అవసరమవుతుందన్న దాన్ని బట్టి తేలాలి. ఈ సూత్రాన్ని తెలుగువారు ఎవరి పుస్తకమూ చదవకుండానే ఒక వస్తువులో సంపూర్ణంగా అమలు చేశారు, అది పోపుల పెట్టె. గుండ్రని మూత కింద ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిరప ముక్కలు, ఇంగువ విడివిడి గిన్నెల్లో ఉంటాయి. నూనె కాగాక ముందు శనగపప్పూ మినప్పప్పూ వేసి అవి ఎర్రబడుతుండగా ఆవాలు, అవి చిటపటలాడుతుండగా జీలకర్ర, ఎండుమిర్చి, చివరికి కరివేపాకు వేసేలోపు దొరికే వ్యవధి కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో ఏడు డబ్బాల మూతలు తీయడం ఎవరివల్లా కాదు, మెంతులు మాడితే పోపంతా చేదెక్కుతుంది. ఏడు డబ్బాల పనిని అర అడుగు చోటులో ఇమిడ్చి, పని కాగానే ఒక్క మూతతో ముగించే ఈ పెట్టెకు పొయ్యి పక్కన శాశ్వత స్థానం న్యాయమైనదే. ఉప్పు జాడీ, నూనె గిన్నె, రెండు గరిటెలు, వేడి గిన్నె పట్టే మసిగుడ్డ కూడా ఆ వరుసలోనివే. వారానికి ఒకసారి వాడే వేరుశనగల డబ్బా, పండగకు తప్ప తీయని బూరెల మూకుడు, ఆన్‌లైన్ పార్సిళ్లతో వచ్చి పోగుపడిన ప్లాస్టిక్ డబ్బాలు ఆ వరుసలోకి రావు.

నిలవ సామాను సంగతికి వస్తే, కింద అరల్లో లోతుగా పెట్టిన వస్తువు కంటికి కనబడదు, కనబడనిది మళ్లీ కొంటారు, కొన్న రెండోది గట్టు మీద ఆగుతుంది. రెండడుగుల లోతున్న కడప బండ అరల కంటే బయటికి లాగే సొరుగులు మేలని అనేది ఇందుకే. ఖర్చు భరించలేని చోట అదే అరలో ఒక పొడవాటి ప్లాస్టిక్ ట్రేను సొరుగులా లాగి వాడుకున్నా ప్రయోజనం చాలావరకు దక్కుతుంది.

రాయి స్వభావం

గట్టుకు వేసిన రాయి ఏదో తెలియకుండా దాన్ని శుభ్రంగా ఉంచడం సాధ్యపడదు. కడప బండ, తాండూరు బండ, బేతంచెర్ల బండ సున్నపురాతి జాతివి. పాలరాయి కూడా రసాయనికంగా కాల్షియం కార్బొనేటే. చింతపండు పులుసు, నిమ్మరసం, మజ్జిగ వంటి ఆమ్ల పదార్థాలు ఒలికితే ఈ రాళ్ల పైపొర కరిగి మచ్చ పడుతుంది. అది మురికి కాదు, రాయి తరుగుదల, అందుకే ఎంత తోమినా పోదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతటికీ ఎగుమతయ్యే నల్ల గెలాక్సీ గానీ, కరీంనగర్ ప్రాంతపు గోధుమరంగు రాయి గానీ గ్రానైటు పేరుతో అమ్ముడయ్యే కఠిన శిలలు కనుక పులుపుకు చెక్కుచెదరవు. లేతరంగు గ్రానైటులు మాత్రం సన్నని రంధ్రాల గుండా నూనె పీల్చుకుని నల్లబడతాయి. ఈమధ్య మాడ్యులర్ వంటగదుల్లో వేస్తున్న క్వార్ట్జ్ పలక, స్ఫటికపు పొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి అదిమి చేసినది. మచ్చలను తట్టుకుంటుంది కానీ పొయ్యి మీంచి దించిన మూకుడును నేరుగా పెడితే ఆ జిగురు దెబ్బతింటుంది. అలాంటి గట్టు మీద ఒక కుదురో చెక్కపలకో ఎప్పుడూ ఉండవలసిందే. తెల్లని పలక మీద పడ్డ పసుపు మరకకు కంగారుపడనక్కరలేదు, పసుపులోని కర్కుమిన్ అనే రంగు పదార్థం వెలుతురుకు వెలిసిపోయే గుణం కలది.

వస్తువులతో నిండిన గట్టు ఆరోగ్యానికి చేసే హాని నేరుగా కంటికి కనిపించదు. ప్రతి డబ్బా కిందా తుడవకుండా మిగిలిన తడి, పిండి, తీపి మరక బొద్దింకలకు రాత్రి ఆహారం. ఆహారం లేకుండా వారాలు గడపగల బొద్దింక నీరు లేకుండా అంతకాలం బతకలేదు కనుక, సింకునూ గట్టునూ రాత్రికి పొడిగా ఉంచడం మందు చల్లడం కన్నా ముందు చేయవలసిన పని. వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన ఐదు ఆహార భద్రతా సూత్రాలు చెబుతున్నాయి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య హానికర సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి, మే నెలలో విజయవాడ వంటింటి వేడి ఆ పెరుగుదలకు ఎంతో అనువైనది. మధ్యాహ్నం కూర సాయంత్రం దాకా గట్టు మీదే ఉండిపోవడానికి తరచుగా కారణం ఫ్రిజ్‌లో చోటు లేకపోవడం, అక్కడ చోటు లేకపోవడానికి కారణం నిన్నటి, మొన్నటి గిన్నెలు. గ్యాస్ గొట్టం విషయంలో నిర్లక్ష్యం ఇంకా ప్రమాదకరం. గట్టు మీద పొయ్యి వెనక సీసాలూ డబ్బాలూ పేర్చినప్పుడు గొట్టం ఎక్కడ వంగిందో, ఎక్కడ పగిలిందో కనబడదు. ఐదేళ్లకు ఒకసారి మార్చవలసిన ఆ గొట్టాన్ని కళ్లెదుట ఉంచుకోవడం తప్పనిసరి.

సర్దేది ఎవరు

ఎన్ని సొరుగులు పెట్టినా వాటిలోకి వస్తువును తిరిగి చేర్చే చేతులు ఎవరివన్న ప్రశ్న మిగులుతుంది. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటివారి కోసం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనిలో గడిపేవారు. అసలు ఆ పనిలో చేయి పెట్టే పురుషుల సంఖ్యే తక్కువ. గట్టు మీద తాళాలు, హెల్మెట్, బిల్లులు, మందుల చీటీలు, పిల్లల నీళ్ల సీసాలు వదిలేది వండేవారు కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 32 కుటుంబాల ఇళ్లను నిశితంగా పరిశీలించినప్పుడు, తమ ఇంటిని చిందరవందర, ముగియని పనుల మాటల్లో వర్ణించిన భార్యల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను రోజు గడిచేకొద్దీ తగ్గవలసినంతగా తగ్గడం లేదని 2010లో వెల్లడైంది. అది అమెరికా మధ్యతరగతి గురించిన చిన్న అధ్యయనమే అయినా, పనిచోటు సర్దకుండా మిగిలితే ఆ బరువు ఎవరి దేహం మోస్తుందో ఊహించడానికి చాలు. వంటగదిలోకి వచ్చే ప్రతివారి వస్తువుకూ వంటగది బయట ఒక మేకు, ఒక బుట్ట, ఒక అర కేటాయించి, ఎవరి గ్లాసు వారు కడిగి పెట్టుకునే నియమాన్ని ఇంట్లోని మగవారూ పిల్లలూ పాటించినప్పుడే గట్టు మీది మూడడుగులు సాయంత్రం దాకా నిలుస్తాయి.

ఇల్లు కట్టించుకునేవారు ఈ సంగతులను గ్రానైటు పరచక ముందే మేస్త్రీతో మాట్లాడాలి, ఆ మాటల్లో రోజూ వండేవారు తప్పక ఉండాలి. మోచేతి ఎత్తుకు 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద గట్టు ఉంటే తరగడానికీ కలపడానికీ భుజాలు నొప్పెట్టవు. దాని మీద నాలుగైదు అంగుళాల పొయ్యి, ఆ పైన కుక్కర్ చేరినప్పుడు మాత్రం పొట్టివారు చేయి పైకెత్తి కలపవలసి వస్తుంది కనుక, ఐదడుగుల మనిషి వండే ఇంట్లో పొయ్యి ఉండే భాగాన్ని మిగతా గట్టు కంటే నాలుగు అంగుళాలు కిందికి దించి వేయించడం మంచిది. రాయి రెండు మట్టాల్లో వేయడానికి మేస్త్రీలు మొదట ఒప్పుకోరు, అతుకు దగ్గర నీళ్లు దిగుతాయంటారు. అతుకును ఎపాక్సీతో పూడిస్తే ఆ ఇబ్బంది రాదు. దించిన భాగం కింద కూడా గొట్టం బయటికి కనిపించేలా, సిలిండర్ కంటే పొయ్యి ఎత్తులోనే ఉండేలా కొలత చూసుకోవాలి.